ఎంఓయూ ఫొటో దిగాక అసలు పని: యూనివర్సిటీ పరిశోధనను గుంట గట్టు దాకా తీసుకెళ్లడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏదో ఒక యూనివర్సిటీలోనో కాలేజీలోనో వీసీగానో, డీన్‌గానో, ‘ఇండస్ట్రీ రిలేషన్స్’ అనే అదనపు బాధ్యత నెత్తిన పడ్డ ప్రొఫెసర్‌గానో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ ఛాంబర్ గోడ మీద ఇప్పటికే కొన్ని ఎంఓయూ (కంపెనీలతో అవగాహన ఒప్పందం) ఫొటోలు ఉండే ఉంటాయి. శాలువా, బొకే, ఎర్ర ఫైలు, నవ్వులు. వాటిలో ఎన్నింటి వల్ల ఒక రూపాయి గానీ, ఒక శాంపిల్ గానీ, ఒక మనిషి గానీ నిజంగా కదిలారో ఒకసారి లెక్కేయండి. సున్నా వచ్చినా కంగారు పడకండి, చాలాచోట్ల అంతే.

మనకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. కొనేవాడు, వాడేవాడు, నష్టపోయేవాడు అందరూ క్యాంపస్‌కు కూతవేటు దూరంలోనే ఉన్నారు. 2008లో పెట్టిన విక్రమ సింహపురి యూనివర్సిటీ కాకుటూరులో ఉంది. అక్కడి నుంచి ముత్తుకూరు వైపు వెళ్తే ఫిషరీస్ కాలేజీ, కృష్ణపట్నం పోర్టు, ఆ చుట్టుపక్కలంతా రొయ్యల గుంటలు. ఒంగోలులో 2022లో మొదలైన ఆంధ్రకేసరి యూనివర్సిటీకి చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, టంగుటూరు పొగాకు వేలం కేంద్రం దగ్గరే. హైదరాబాద్ కంపెనీ ప్రతినిధి కోసం ఎదురుచూసే ముందు వీళ్ల దగ్గరికి వెళ్లిరావాలి.

మొదటి అడుగు: ‘మీ సమస్య ఏంటి?’ అని అడగొద్దు, బిల్లులు చూపించమనండి

రైతునైనా ఫ్యాక్టరీ ఓనర్‌నైనా ‘మీకు ఏం కావాలి?’ అంటే రేటు పెంచమంటాడు, కరెంటు చార్జీ తగ్గించమంటాడు. ఆ రెండూ యూనివర్సిటీ చేతిలో లేవు. ‘పోయిన పంటకు దేనిమీద ఎంత పెట్టావన్నా?’ అని అడగండి. రొయ్యల రైతు దగ్గర మందుల షాపు బిల్లులు కట్టగా ఉంటాయి. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది, దాన్ని పక్కన పెట్టి మిగతావి తిరగేయండి. ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా), మినరల్ మిక్చర్, గట్ టానిక్, నీళ్లు శుభ్రం చేసే పొడి. ‘ఇది పనిచేసిందా?’ అంటే ‘ఏమో సార్, డీలర్ వెయ్యమన్నాడు, వేశా’ అంటాడు. అప్పు మీద సరుకు ఇచ్చేది డీలరే కాబట్టి ఏం వెయ్యాలో చెప్పేదీ అతనే. ఈ ఒక్క వాక్యంలో మీ మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంటుకు రెండేళ్ల పని ఉంది. డబ్బు ఇప్పటికే ఖర్చవుతోంది, ఫలితం మీద నమ్మకం లేదు. ల్యాబ్ పరిశోధనను బదిలీ చేయడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే పళ్లెం) పైకి లాగినప్పుడు పక్కనే నిలబడి చూడండి. ట్రేలో మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు) మొదలైందా అని రైతు పది సెకన్లలో కనిపెట్టేస్తాడు. ఆ పది సెకన్లలో అతను ఏం చూస్తున్నాడో మీ పరిశోధక విద్యార్థికి తెలియకపోతే ఆ అంశం మీద ల్యాబ్‌లో పని మొదలుపెట్టనివ్వకండి.

చీమకుర్తిలో ప్రశ్న వేరు. గ్రానైట్ కట్టింగ్ ఫ్యాక్టరీల స్లర్రీతో (రాతి పొడి కలిసిన బురద) ఇటుకలు చేయడం సివిల్ ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే అంశం. ఇటుక గట్టిగా వచ్చిందా అన్నది మూడో ప్రశ్న. తడి స్లర్రీని ఆరబెట్టేది ఎవరు, లారీ కిరాయి ఎవరు పెట్టుకుంటారు అన్నవి మొదటి రెండూ. వాటికి జవాబు లేని ఇటుక షోకేసులోనే ఉండిపోతుంది. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్లలో పుల్లల ఖర్చు, పొదలకూరు నిమ్మకాయల రేటు పడిపోయిన రోజుల్లో కాయను ఏం చేయాలన్నది, మార్కాపురం పలకల ముక్కల గుట్టలు, ఇవన్నీ ఇలాంటి ప్రశ్నలే. ఒకేసారి అన్నింటి మీదా పడకండి. ఏడాదికి రెండు చాలు.

రెండో అడుగు: మీ ఇంట్లో ఏముందో రాసుకోండి

డిపార్ట్‌మెంట్ల వారీగా పరికరాల జాబితా, ఏది నడుస్తోంది, ఏది కవర్ కప్పుకొని ఉంది, ఎవరికి నడపడం వచ్చు. ఇది స్టాక్ రిజిస్టర్ చూసి రాసే పని కాదు, ఒక్కో గదిలోకీ వెళ్లి స్విచ్ వేసి చూడాలి.

చాలా యూనివర్సిటీలు ఒకేసారి పేటెంటు, లైసెన్సు అని ఎగురుతాయి. నా ఉద్దేశంలో మొదట అమ్మాల్సింది పరీక్షలు. సీడ్ (రొయ్య పిల్లలు) గుంటలో వేసే ముందు వైట్ స్పాట్, ఈహెచ్‌పీ జబ్బులు ఉన్నాయో లేదో చూసే పీసీఆర్ పరీక్ష, నీటి పరీక్ష, మేతలో ప్రోటీన్ శాతం, గ్రానైట్ శాంపిల్ బలం. ఇవి చేస్తే పరిశ్రమ మీ గేటు దాకా రావడం అలవాటు చేసుకుంటుంది. రేట్ల పట్టిక ఒక పేజీలో తెలుగులో పెట్టండి. ఇక్కడ దెబ్బతినేది టైమ్ దగ్గరే. గుంటలో రొయ్య చస్తుంటే ఉన్న రొయ్యల్ని పట్టేసి అమ్మాలా వద్దా అన్నది ఆ రాత్రికే తేలాలి. మీ ల్యాబ్ రెండో శనివారం సెలవు, ఆదివారం సెలవు, సోమవారం టెక్నీషియన్ లీవు అంటే రైతు మళ్లీ మందుల షాపు పక్కనున్న ప్రైవేటు ల్యాబ్‌కే పోతాడు. పోవడం న్యాయం కూడా. శాంపిల్ ఇచ్చిన రోజే రిపోర్టు ఇవ్వగలిగితేనే ఈ సేవ ప్రకటించండి.

పక్కవాళ్లు చేసేస్తున్నది మళ్లీ చేయకండి. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ, నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం, చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ), ఈ ముగ్గురితో ముందే కూర్చుని ఎవరి పని ఏమిటో పంచుకోండి. నెల్లూరు కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 వరిని రైతులు అంకెతోనే పిలుస్తారు. అది వాడుకలోకి రావడానికి ఏ బిజినెస్ డెవలప్‌మెంట్ సెల్లూ అక్కర్లేదు. విత్తనం చేతులు మారుతూ ఊళ్లు దాటిపోతుంది. బ్యాక్టీరియా పొడికో, యంత్రానికో ఆ సుఖం లేదు. తయారు చేసి, నాణ్యత నిలబెట్టి, అమ్మి, ఫిర్యాదు వస్తే మాట పడేవాడు ఒకడు ఉండాలి. అందుకే కంపెనీ కావాలి.

మూడో అడుగు: పాలసీని పాలక మండలిలో తీర్మానం చేయించండి

అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో పుట్టిన ఆవిష్కరణ మీద యూనివర్సిటీకే హక్కు ఉండేలా 1980లో బే-డోల్ చట్టం తెచ్చారు. అలాంటి బిల్లే మన రాజ్యసభలో 2008లో పెట్టారు కానీ అది చట్టం కాలేదు. కాబట్టి మన దగ్గర ఎవరి హక్కు ఎంత అన్నది నిధులిచ్చిన సంస్థ షరతులు, మీ యూనివర్సిటీ సొంత పాలసీ, ఈ రెండింటి మీదే నడుస్తుంది. పాలసీ లేని చోట ప్రొఫెసర్ తన పేరు మీద పేటెంటుకు దరఖాస్తు చేసుకుంటాడు. తర్వాత కంపెనీ లాయరు వచ్చి ‘ఇది ఎవరిది?’ అని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిందే.

కేంద్ర విద్యాశాఖ 2019లో ఇచ్చిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీని ముందు పెట్టుకుని మీ పాలసీ రాయండి. యూనివర్సిటీ సాయంతో పుట్టిన స్టార్టప్‌లో 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చని అందులో ఉంది. మీరు తేల్చాల్సినవి ఇవి: హక్కు ఎవరిది, విద్యార్థికి వాటా ఎంత, రాయల్టీ ఎలా పంచుతారు, అధ్యాపకుడు కంపెనీ పెడితే సెలవు ఎలా ఇస్తారు, తన కంపెనీకే తన ల్యాబ్ నుంచి కొనుగోళ్లు చేస్తే ఎవరు చూస్తారు. వాటా పంచడంలో పిసినారితనం వద్దు. ఆవిష్కరించినవాళ్లకు సగం కన్నా ఎక్కువే ఇవ్వండి. వాళ్ల చేతికి ఏమీ రాని చోట ఆవిష్కరణను యూనివర్సిటీకి తెలియజేసే ఫారం నింపడానికి ఎవరూ ముందుకు రారు.

వీసీ పదవీకాలం మూడేళ్లు. కొత్త వీసీ వచ్చేదాకా ఇన్‌చార్జి పాలన ఎంతకాలం సాగుతుందో చెప్పనక్కర్లేదు. వీసీగారి ఉత్సాహం మీద నడిచే ఏర్పాటు ఆయనతోపాటే వెళ్లిపోతుంది, తీర్మానంగా రికార్డైంది నిలుస్తుంది. అందులో ఈ రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి: ఫలానా మొత్తం లోపు ఒప్పందాలపై ఈ విభాగం చూసే డైరెక్టరే సంతకం చేయొచ్చు, అంతకు మించినవాటిని రిజిస్ట్రార్ 15 పనిదినాల్లో తేల్చాలి. రోజుల సంఖ్య మీ ఇష్టం, గడువంటూ ఒకటి ఉండాలి. కంపెనీవాళ్లు రేటు దగ్గర బేరమాడతారు గానీ వెళ్లిపోరు. ‘ఫైలు సెక్షన్‌లో ఉంది సార్’ అన్న మాట నాలుగోసారి విన్నప్పుడు వెళ్లిపోతారు.

నాలుగో అడుగు: పేపరు కన్నా ముందు పేటెంటు, అదీ పేటెంటు దొరికే విషయమైతేనే

సెమినార్‌లో చెప్పేశాక, జర్నల్‌లో అచ్చయ్యాక కొత్తదనం పోయినట్టే. చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ వాటిని నమ్ముకుని ముందడుగు వేయొద్దు. పీహెచ్‌డీ వైవా కూడా బహిరంగమే అన్న సంగతి చాలామంది మర్చిపోతారు. విద్యార్థి థీసిస్ ఇచ్చే ముందే ఒక ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పడేయండి. 2021 సవరణతో విద్యాసంస్థలకు ఫీజు 80 శాతం తగ్గింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకు ₹1,600, పేటెంట్ ఆఫీసు దాన్ని పరిశీలించమని కోరడానికి ₹4,000. ప్రొవిజనల్ వేశాక పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలలు గడువు. ఆ ఏడాదిలోనే కంపెనీలతో మాట్లాడి చూడాలి. ఎవరూ ఆసక్తి చూపకపోతే అక్కడితో వదిలేయడం కూడా సరైన నిర్ణయమే. విదేశాల్లో కూడా వేయాలనుకుంటే ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. మనకు ఆ ఆఫీసు చెన్నైలో ఉంది.

ఏది పేటెంటుకు నిలబడదో ముందే తెలుసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది. 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్ ప్రకారం సాగు పద్ధతులకు, ప్రకృతిలో ఉన్న జీవానికి ఉన్నట్టుగా, సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు రాదు. గుంట అడుగు బురదలో దొరికిన బ్యాక్టీరియాను ‘మాది’ అనలేరు. దాన్ని నిలవ ఉండేలా పొడిగా మార్చే పద్ధతి కొత్తదైతే అడగొచ్చు. అలా స్థానిక జీవవనరు వాడి చేసిన దేనికైనా పేటెంటు మంజూరయ్యే లోపు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. కొత్త పంట రకమైతే దారి వేరే, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఉంది.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ర్యాంకింగుల కోసం దరఖాస్తులు కుప్పలుగా వేసి, 18 నెలలకు అవి ప్రచురణ అవగానే ‘పేటెంటు వచ్చింది’ అని ఫ్లెక్సీ కట్టడం మామూలైపోయింది. ప్రచురణ వేరు, మంజూరు వేరు. డబ్బు కడితే పేరు చేర్చి విదేశీ డిజైన్ రిజిస్ట్రేషన్ ఇప్పించే ఏజెంట్ల నుంచి కూడా మెయిళ్లు వస్తుంటాయి. ఇవేవీ మీ లెక్కలో చేర్చకండి. వాటిని చూసి ఏ కంపెనీ కూడా కాణీ ఇవ్వదు.

ఐదో అడుగు: గుంటలో ప్రయోగం, నష్టం ఎవరిదో ముందే రాసుకోండి

ల్యాబ్‌లో ట్యాంకులో పనిచేసింది గుంటలో పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. కంపెనీ కూడా అడిగేది అదే, ‘ఎన్ని గుంటల్లో చూశారు?’ అని. పక్కపక్కనే ఒకే రోజు, ఒకే హేచరీ సీడ్ వేసిన గుంటలు తీసుకోండి. కొన్నింటిలో మీ బ్యాక్టీరియా పొడి, మిగతావి మామూలుగా. మేత రిజిస్టర్, నీటి లెక్కలు, చివరికి ఏ కౌంట్‌లో (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎన్ని టన్నులు పట్టారన్నది రోజూ రాయించండి. రాసేది మీ విద్యార్థి కావాలి, రైతును రాయమంటే రాయడు.

పంట పోతే? యూనివర్సిటీవాళ్లు ఈ ప్రశ్న తప్పించుకుంటారు, రైతు మాత్రం రాత్రిళ్లు దీని గురించే ఆలోచిస్తాడు. రెండు పేజీల తెలుగు ఒప్పందం రాయండి. అందులో మీ పొడి వల్ల నష్టం జరిగిందో, వైట్ స్పాట్ వచ్చి పోయిందో తేల్చేది ఎవరు, తేలితే ఎంత ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది ఉండాలి. మొత్తం నష్టం భరించలేకపోతే మందు, మేతల్లో కొంత మీరు పెట్టుకోండి. ఆ డబ్బును ప్రాజెక్టు బడ్జెట్‌లో ముందే చూపించండి. ఆలోచన పనిచేస్తుందని నిరూపించే దశకు కేంద్ర బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ పథకంలో ₹50 లక్షల దాకా గ్రాంటు వచ్చే వీలుంది, బయోటెక్ విషయమైతే ప్రయత్నించండి. నమూనా తయారీకి కేంద్ర పథకం నిధి-ప్రయాస్ ఉంది. రాష్ట్రంలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కేంద్రాల్లో నెల్లూరుకు దగ్గరది తిరుపతి.

తీర ప్రాంత రొయ్యల సాగులో వాడే సరుకులకు 2005 చట్టం కింద ఏర్పడ్డ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నియమాలు వర్తిస్తాయి. యాంటీబయాటిక్స్ లేవని అక్కడి నుంచి సర్టిఫికెట్ తీసుకోవాల్సి ఉంటుంది. ఎగుమతి సరుకులో వాటి ఆనవాలు దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది కాబట్టి ఇది కాగితం కోసం చేసే పని అనుకోకండి.

ఆరో అడుగు: కంపెనీతో కాగితాలు, ఈ వరసలో

ముందు గోప్యతా ఒప్పందం. తర్వాత శాంపిల్ ఇస్తే దానికి వేరే ఒప్పందం, దాన్ని విశ్లేషించి నకలు చేయకూడదని. ఆ తర్వాత ఒకే ఒక పేజీలో ముఖ్యమైన షరతులు, డబ్బు, కాలం. అది ఇద్దరికీ కుదిరాకే లాయర్ల దగ్గరికి. చాలామంది దీన్ని తిరగేసి, 30 పేజీల డ్రాఫ్టుతో మొదలుపెట్టి ఆరు నెలలు కామాల మీద కొట్టుకుంటారు.

లైసెన్స్ ఒకరికే ఇవ్వాలా, చాలామందికా? యంత్రంలాంటిదైతే, ముందుగా భారీ పెట్టుబడి పెట్టాల్సివస్తే ఒకరికే ఇవ్వడంలో తప్పులేదు. రైతు రోజూ కొనే సరుకైతే ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి, రేటు అదుపులో ఉంటుంది. ఒకరికే ఇస్తే మాత్రం రెండేళ్లలో మార్కెట్లోకి తేకపోతే హక్కు వెనక్కి వస్తుందని రాయించండి. లేదంటే పోటీదారుల చేతికి పోకుండా కొనేసి బీరువాలో పెట్టేవాళ్లు ఉంటారు. విద్యార్థి థీసిస్‌ను ఆపే హక్కు ఏ కంపెనీకీ ఇవ్వకండి. ప్రచురణకు 60 రోజుల ముందు చూపిస్తామంటే సరిపోతుంది.

డబ్బు లెక్క ఒకటి వేసి చూద్దాం. కంపెనీ ఏడాది నికర అమ్మకం ₹80 లక్షలు, రాయల్టీ 4 శాతం అనుకుంటే మీకు ₹3.2 లక్షలు. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే ₹57,600. ‘జీఎస్టీ అదనం’ అన్న మాట ఒప్పందంలో లేకపోతే ఆ పన్ను మీ రాయల్టీలోంచే పోతుంది. పరిశోధన గ్రాంట్లకు 2024 అక్టోబరు నుంచి షరతులతో మినహాయింపు ఉంది, రాయల్టీకి, కన్సల్టెన్సీకి లేదు. జీఎస్టీ అదనంగా వచ్చిందనుకుంటే, ₹3.2 లక్షల్లో 60 శాతం, ₹1.92 లక్షలు ఆవిష్కర్తలకు, ₹64,000 డిపార్ట్‌మెంటుకు, ₹64,000 యూనివర్సిటీకి. చిన్న మొత్తాలే. అయినా మొదటి చెక్కు ఆవిష్కర్త చేతికి నెలరోజుల్లో అందితే, పక్క గది ప్రొఫెసర్ మరుసటి వారమే మీ దగ్గరికి ఫారం పట్టుకొస్తాడు. కంపెనీ అమ్మకాల లెక్కలు ఏడాదికోసారి మీ ఆడిటర్ చూసే హక్కు కూడా రాసుకోండి.

ఏడో అడుగు: మనిషి

పూర్తి కాలం పనిచేసే ఒక మనిషి లేకుండా ఇదంతా నడవదు. ఎగ్జామినేషన్ డ్యూటీ, ఎన్‌ఎస్‌ఎస్, హాస్టల్ వార్డెన్‌తోపాటు ఇదీ ఒకటని ఎవరికో తగిలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. సైన్సు చదివి, ఫీడ్ కంపెనీలోనో హేచరీలోనో కొన్నేళ్లు పనిచేసి, గట్టు మీద రైతుతో, ఆఫీసులో లాయరుతో మాట్లాడగలిగిన వాళ్లను కాంట్రాక్టు మీదైనా తీసుకోండి. పేటెంటు రాయడం బయటి ఏజెంటుకు ఇవ్వొచ్చు. కొనేవాళ్లను వెతికిపెట్టడానికి 1953 నుంచి ఉన్న ఎన్‌ఆర్‌డీసీ (జాతీయ పరిశోధన అభివృద్ధి సంస్థ) సాయం తీసుకోవచ్చు.

చివరిగా: అప్పగింత ఫైలు

వీసీ, డైరెక్టర్ ఎవరు మారినా చేతికివ్వడానికి ఒక ఫైలు సిద్ధంగా ఉంచండి. నడుస్తున్న ఒప్పందాలు, వాటి గడువులు. ప్రతి పేటెంటుకూ వార్షిక రుసుము తేదీ (మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా ₹800 చొప్పున, ఆ తర్వాత పెరుగుతుంది, కట్టకపోతే పేటెంటు రద్దు). పేటెంటు వాడకంలో ఉందో లేదో చెప్పే ఫారం 27 ఎప్పుడివ్వాలో. రావాల్సిన రాయల్టీ బాకీలు. గుంటల్లో ప్రయోగాలు జరుగుతున్న రైతుల ఒప్పందాలు, వాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు ఏమైనా ఉంటే అది మొదటి పేజీలో. ఏ కదలికా లేకుండా రెండేళ్లు దాటిన ఎంఓయూల జాబితా కూడా పెట్టి, వాటిని రద్దు చేస్తూ అవతలివాళ్లకు పంపాల్సిన లేఖలు సంతకానికి రెడీగా ఉంచండి. ఫొటోలు కావాలంటే ఉంచుకోవచ్చు.